సింగలీల రిడ్జ్: మొత్తం నడవాలా, సగం జీపులో పోవాలా?

రెండో_షిఫ్ట్

నవంబర్ రెండో వారంలో ఎనిమిది రోజుల సెలవు దొరికింది. దీని కోసం మార్చి నుంచి అడుగుతున్నా. కూకట్‌పల్లి నుంచి నలుగురం, మాతో పాటు మా నాన్న. ఆయనకి 61. రోజూ పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తారు. డార్జిలింగ్ దగ్గర మానేభంజంగ్‌లో మొదలుపెట్టి సింగలీల కొండ వెన్ను మీదుగా సందక్‌ఫు, ఫాలుట్, అక్కడి నుంచి గోర్ఖే, శ్రీఖోలా దిగి రావాలని అనుకున్నాం.

బుకింగ్ చేసే ఆయన ఏమంటాడంటే, "మానేభంజంగ్ నుంచి సందక్‌ఫు దాకా 31 కిలోమీటర్లు. చాలావరకు జీపులు తిరిగే రోడ్డే సార్. దాని మీద నడిచి ఏం చూస్తారు? జీపులో నాలుగు గంటల్లో పైన దింపేస్తాం. అక్కడి నుంచి ఫాలుట్ నడవండి, రోజులు కలిసొస్తాయి" అని. మాలో ఇద్దరు అప్పుడే సరే అన్నారు. నాకు మనసొప్పడం లేదు. అలాగని నాన్నని అనవసరంగా కష్టపెట్టడమూ ఇష్టం లేదు. ఏ ముక్క వదిలేస్తే పర్వాలేదు, ఏది వదలకూడదు? నడిచొచ్చినవాళ్లు చెప్పాలి.

స్లీపర్‌క్లాస్

ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? సెలవులు తక్కువ ఉన్నవాడికి జీపే దిక్కు. నేను ఒకసారి అలాగే పోయా. అసలు కొండ వెన్ను అంటే సందక్‌ఫు నుంచి ఫాలుట్ దాకా ఉన్న 21 కిలోమీటర్లే. ఎడమ పక్క నేపాల్, కుడి పక్క మన దేశం, ఎదురుగా కాంచన్‌జంగ. మిగతాదంతా దానికి దారి.

నల్లమల_నర్సి

స్లీపర్ అన్నా, "దానికి దారి" అని కొట్టిపారేస్తే ఎలా? అలిపిరి నుంచి మెట్లెక్కి పోయినవాడికీ, బస్సులో పోయినవాడికీ దర్శనం ఒకటే. కానీ గాలిగోపురం దగ్గర కూర్చుని కింద తిరుపతి దీపాలు చూసింది మెట్లెక్కినవాడే కదా.

నేను మొత్తం నడిచా. మొదటి రోజు మానేభంజంగ్ దాటగానే చిత్రే దాకా 3 కిలోమీటర్లు నిలువు ఎక్కుడు. పిక్కలు పట్టేశాయి. పైన బౌద్ధ మఠం, తెల్లటి ప్రార్థన జెండాలు, పక్కనే ఒక ఇంట్లో టీ. అక్కడి నుంచి మేఘ్మా. పేరుకి తగ్గట్టే ఊరంతా మబ్బులో ఉంటుంది. మేం పోయినప్పుడు పది అడుగుల ముందున్న గైడ్ కనపడలేదు, ఆయన ఈల వినపడుతుంటే దాని వెంట నడిచాం. జీపులో అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్లకి అదంతా తెల్లటి పొగ, అంతే.

డాక్టరమ్మ_తార్నాక

అందం సంగతి తర్వాత. ముందు ఎత్తు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే రెండో_షిఫ్ట్ నాన్నగారు వస్తున్నారు.

హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లు. మానేభంజంగ్ 2100 పైచిలుకు. సందక్‌ఫు 3636, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు అదే. ఇవాళ పొద్దున శంషాబాద్‌లో విమానం ఎక్కినవాళ్లు రేపు మధ్యాహ్నానికి జీపులో 3636 మీటర్ల మీద దిగితే ఒంటికి సర్దుకునే టైమే ఉండదు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. ఊపిరి నిండా పీల్చినా అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రాత్రికి మొదలవుతాయి. వయసులో ఉన్నవాళ్లకి రాదనేం లేదు. రోజూ జిమ్‌కి పోయేవాళ్లకీ వస్తుంది.

3000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రోజు కంటే 500 మీటర్లకి మించి ఎత్తు పెరగకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. ఇప్పుడు ఈ నడక చూడండి. మొదటి రాత్రి టుమ్లింగ్, 2970. రెండో రాత్రి కాలిపోఖ్రి, 3186. మూడో రాత్రి సందక్‌ఫు, 3636. ఎవరో డాక్టరు దగ్గర కూర్చుని గీసినట్టు సరిపోయింది. జీపెక్కితే పోయేది రోడ్డు ఒక్కటే కాదు, దారిలో పడుకునే మొదటి రెండు రాత్రులూ పోతాయి.

రెండో_షిఫ్ట్

డాక్టర్ గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బుకింగ్ ఆయన అయితే "చాక్లెట్ తినండి, కర్పూరం వాసన చూడండి" అన్నాడు. నాన్నకి బీపీ మాత్రలు ఉన్నాయి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వేసే డయామాక్స్ మాత్ర ముందు నుంచే వేసుకోవాలా?

డాక్టరమ్మ_తార్నాక

కర్పూరం ఆక్సిజన్ పెంచదు. డయామాక్స్ విషయం ఇక్కడ నేను చెప్పను. నాన్నగారిని చూసే డాక్టర్ దగ్గరికి బీపీ మాత్రల చీటీతో వెళ్లి, 3600 మీటర్ల ఎత్తున పడుకుంటాం అని చెప్పి అడగండి. సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పకుండా చెప్పాలి.

ఇవి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. తలనొప్పి ఉంటే ఇంకా పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లారే దాకా ఆగకుండా కిందికి దించాలి. దిగడమే మందు. అలాంటప్పుడు జీపు ఎంత ఖర్చయినా ఎక్కించండి. ఎక్కడానికి వద్దంటున్నాను కానీ దిగడానికి జీపు దేవుడు.

స్లీపర్‌క్లాస్

సరే, ఒప్పుకుంటున్నా. నేను పోయినప్పుడు సందక్‌ఫులో రాత్రంతా తల పగిలిపోయింది. చలి వల్ల అనుకున్నా. మర్నాడు ఫాలుట్ నడకలో ఏం చూశానో కూడా సరిగ్గా గుర్తు లేదు. ఇన్నాళ్లకి కారణం తెలిసింది.

ఒక్కటి మాత్రం అంటా. జీపుల వాళ్లని తిట్టకండి. మానేభంజంగ్‌లో 1950ల నాటి ల్యాండ్ రోవర్లని ఇప్పటికీ చేతిరెంచీతో బాగుచేసుకుంటూ నడుపుతున్నారు. ఇప్పుడు బొలేరోలు ఎక్కువయ్యాయి. అయినా ఆ పాత బండి ఆ వంపుల్లో ఎక్కుతుంటే చూడాలి. ఆ ఊళ్ల బియ్యం, గ్యాస్ సిలిండర్లు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు, అందరికీ అదే దారి.

మల్కాజిగిరి_మాధురి

బుకింగ్ విషయంలో నా అనుభవం రాయాలి. పేరు రాయను.

మేం ఆరుగురు ఆడవాళ్లం, ఫాలుట్ కలిపి ఆరు రోజులకి డబ్బు కట్టాం. సందక్‌ఫు చేరాక ఆ రాత్రి అన్నం తింటుంటే గైడ్ చల్లగా చెప్పాడు, రేపు ఫాలుట్ లేదు, గుర్దుమ్ మీదుగా శ్రీఖోలా దిగిపోతున్నాం అని. ఏంటంటే "పైన గదులు దొరకలేదు, మంచు పడుతుంది" అన్నాడు. ఆకాశం చూస్తే చుక్కలు తప్ప మబ్బు లేదు. పక్క గదిలో ఉన్న బెంగాలీ కుటుంబం మర్నాడు మా కళ్ల ముందే ఫాలుట్ దారి పట్టింది. మేం ఏడుపు దిగమింగుకుని కిందికి దిగాం. తర్వాత తెలిసింది, ఫాలుట్‌లో మాకు అసలు గది చెప్పనే లేదని. అక్కడ బస చాలా తక్కువ, ముందే చెప్పుకోకపోతే దొరకదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ ఇంట్లో పడుకుంటామో రోజువారీగా వాట్సాప్‌లో రాయించుకోండి. ఫాలుట్ గది ఖాయమైందా అని ఆ గదివాళ్లకే ఫోన్ చేసి అడగండి.

పాతబస్తీ_పాదచారి

మాధురి అక్కా, రెండేళ్ల తర్వాత మళ్లీ పోయినట్టున్నారు కదా? ఇంకో చర్చలో ఫాలుట్ ఫొటో చూశా.

మల్కాజిగిరి_మాధురి

పోయాను. ఆరుగురిలో ముగ్గురం. ఆ పొద్దు గురించి తర్వాత రాస్తా, ఇప్పుడు ఆఫీసు బస్సులో ఉన్నా.

బండరాయి_భువనగిరి

అందరూ రెండు చివర్ల గురించే మాట్లాడుతున్నారు. మధ్య ముక్క ఎవరికీ పట్టలేదు. గైరీబాస్ నుంచి కాలిపోఖ్రి దాకా 6 కిలోమీటర్లు. టుమ్లింగ్ నుంచి గైరీబాస్‌కి దిగుతాం, 2621 మీటర్లకి. కష్టపడి ఎక్కిందంతా పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. అక్కడ సింగలీల నేషనల్ పార్కు టికెట్లు చూస్తారు. ఆ తర్వాత దారికి రెండు వైపులా సన్న వెదురు. రెడ్ పాండా ఉండే అడవి అదే. మేం చూడలేదు. దాన్ని చూడటానికే వారం రోజులు ఆ అడవిలో ఉండేవాళ్లకే ఒక్కోసారి దొరకదట. కానీ గైడ్ మమ్మల్ని ఆపి, నాచు పట్టిన కొమ్మ మీద గీరిన గుర్తులు చూపించాడు. అయిదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.

కాలిపోఖ్రి అంటే నల్ల చెరువు. నీళ్లు నిజంగానే నల్లగా ఉంటాయి. చుట్టూ జెండాలు. ఎంత చలిలోనూ గడ్డకట్టదని ఊరివాళ్ల నమ్మకం. పవిత్రంగా చూసుకుంటారు, చేతులు కడుక్కోవడం లాంటివి చేయొద్దు.

చాయ్_బిస్కెట్

కాలిపోఖ్రి తర్వాత బిఖేభంజంగ్ నుంచి సందక్‌ఫు దాకా ఆఖరి 4 కిలోమీటర్ల గురించి ఎవరైనా చెప్పండ్రా ఆ అబ్బాయికి.

నల్లమల_నర్సి

చెప్తున్నా. అది మన మోకాళ్ల పర్వతం. తిరుమల మెట్లలో అక్కడికి రాగానే ఎలా మోకాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కుతామో అచ్చం అంతే. తేడా ఏంటంటే ఇక్కడ గాలి సరిపోదు. మా జట్టులో పాతికేళ్ల కుర్రాడు పరుగెత్తి, మొదటి మలుపులో కూర్చుండిపోయాడు. ముప్ఫై అడుగులు, ఆగు. మళ్లీ ముప్ఫై, ఆగు. అలా పోయినవాళ్లే ముందు చేరారు.

బిఖ్ అంటే విషం. ఆ చుట్టుపక్కల వసనాభి మొక్క పెరుగుతుంది. సందక్‌ఫు అన్న పేరు కూడా ఆ విషపు మొక్క ఉన్న కొండ అనే అర్థంలోనే వచ్చిందంటారు. అందంగా ఉన్నాయని దారి పక్క నీలం పూలు తుంపకండి.

గురాస్_పువ్వు

నవంబర్‌లో పూలు ఉండవు నర్సి గారూ. పూలు కావాలంటే ఏప్రిల్. రోడోడెండ్రాన్‌ని అక్కడ గురాస్ అంటారు. ఎర్రవి, గులాబీవి, తెల్లవి, కొండ మొత్తం. మగ్నోలియా చెట్టుకి ఆకు లేకుండా పువ్వే ఉంటుంది. నేను రెండుసార్లూ ఏప్రిల్‌లోనే పోయా. కానీ ఏప్రిల్‌లో మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది, కొండలు పొద్దున మాత్రమే. మంచు కొండలు స్పష్టంగా కావాలంటే రెండో_షిఫ్ట్ పెట్టుకున్న నవంబరే సరైనది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పార్కు మూసేస్తారు.

రెండో_షిఫ్ట్

సరే. కింది నుంచి నడవడం ఖాయం, మా వాళ్లిద్దరికీ డాక్టర్ గారి పోస్టు చదివి వినిపించా. ఒకడు ఇంకా "రోడ్డు మీద నడకేంట్రా" అంటున్నాడు. నిజంగా మొత్తం రోడ్డేనా?

బండరాయి_భువనగిరి

చాలాచోట్ల రోడ్డే, అబద్ధం చెప్పను. సిమెంటు మీద దిగుడు మోకాళ్లకి మంచిది కాదు. కానీ వంపు తిరిగిన ప్రతిచోటా పాత కాలిబాట అడ్డంగా కోసుకుపోతుంది. గైడ్‌ని "పాత దారిలో తీసుకెళ్లండి" అని మొదటి రోజే అడగండి. లేకపోతే సులువని రోడ్డు మీదే నడిపిస్తారు.

పాతబస్తీ_పాదచారి

రోజుల లెక్క వేశారా? నేను వేశా.

మొదటి రోజు బాగ్‌డోగ్రా విమానాశ్రయంలో దిగి మానేభంజంగ్. రెండు టుమ్లింగ్. మూడు కాలిపోఖ్రి. నాలుగు సందక్‌ఫు, 6 కిలోమీటర్లే కాబట్టి మధ్యాహ్నానికి చేరి విశ్రాంతి. అయిదు ఫాలుట్. ఆరు గోర్ఖే. ఏడు శ్రీఖోలా. ఎనిమిది కిందికి బండిలో దిగి విమానం. ఒక్క రోజు కూడా చేతిలో మిగలదు. ఎవరికైనా తలనొప్పి వచ్చి ఒక రాత్రి ఆగాలంటే ఎలా? ముందో వెనకో శని, ఆదివారాలు కలుపుకుని పది చేసుకోండి.

రెండో_షిఫ్ట్

శని, ఆదివారాలు కలపొచ్చు. అప్పుడు పది అవుతుంది. ఇది తట్టనే లేదు భాయ్.

స్లీపర్‌క్లాస్

విమానం టికెట్ భారమైతే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి హౌరా, సియాల్దా నుంచి డార్జిలింగ్ మెయిల్‌లో న్యూ జల్పాయిగురి. రెండు రాత్రులు పడుతుంది. మీకున్న రోజుల్లో కుదరదు, వేరేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అరవైలో_అడుగు

నాకు 64. ఈ దారి 60లో నడిచాను, మా ఆవిడతో. రెండో_షిఫ్ట్ బాబూ, మీ నాన్న తరఫున రాస్తున్నా అనుకో.

కేబీఆర్ నడక మంచిదే కానీ అది చదును నేల. మీ నాన్నకి ఎక్కడం అలవాటు చెయ్యి. నేను మూడు నెలలు మౌలాలి గుట్ట మెట్లు వారానికి మూడు రోజులు ఎక్కాను. మొదటి నెల ఉత్త చేతులతో, రెండో నెల నుంచి సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని. ఆదివారం గోల్కొండ, బాలా హిస్సార్ దాకా రెండుసార్లు ఎక్కి దిగడం. నెలకోసారి భువనగిరి కోట. ఆ ఏకశిల మీద దిగేటప్పుడు కాలివేళ్లు బూటు ముందుకి కొట్టుకుంటాయి చూడు, గోర్ఖే దిగేటప్పుడు కూడా అచ్చం అలాగే కొట్టుకుంటాయి. అక్కడ తెలిసిపోతుంది బూటు సైజు సరిపోయిందో లేదో. బూట్లు కనీసం నెల ముందు కొనాలి. ఒక సైజు పెద్దవి.

ఎక్కడం గురించి అందరూ భయపెడతారు. మా వయసువాళ్లకి అసలు పరీక్ష ఫాలుట్ నుంచి గోర్ఖే దిగుడు. 15 కిలోమీటర్లు, అందరూ హాయిగా దిగేయొచ్చంటారు. 3600 మీటర్ల నుంచి వెయ్యి మీటర్లకి పైగా ఒక్క రోజులో దిగుతాం. దారంతా వేర్లు, తడి ఆకులు, గుండ్రాళ్లు. మా ఆవిడ మోకాలు మధ్యలో పట్టేసింది. నేను పక్కన కూర్చుని గోరువెచ్చటి నీళ్లు ఇచ్చి, క్రేప్ బ్యాండేజీ చుట్టాను. రెండు చేతికర్రలూ ఆమెకే ఇచ్చేశాను. అడ్డంగా, ఒక్కో అడుగు, పీత నడిచినట్టు దిగింది. అయిదు గంటల దారి ఎనిమిది గంటలు పట్టింది. గోర్ఖే వాగు చప్పుడు వినపడినప్పుడు ఆమె ఆగి, "ఏవండీ, వచ్చేశాం" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది.

కాబట్టి నీకు నా మాట ఒక్కటే. మీ నాన్నకి చేతికర్రలు రెండు. ఒకటి కాదు, రెండు. దిగేటప్పుడు ఆయన ముందు నువ్వుండు, వెనక కాదు. ఆయన "నేను బాగానే ఉన్నాను" అంటాడు. ఆ మాట నమ్మకు. మొహం చూడు.

రెండో_షిఫ్ట్

బాబాయ్, ఇది నాన్నకి చూపించా. రెండుసార్లు చదివి, "ఆదివారం మౌలాలి పోదాం" అన్నారు.

చాయ్_బిస్కెట్

తిండి గురించి ఎవరూ అడగలేదేంటి? అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, గుడ్డు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. ఉప్పు, కారం మన నాలుకకి తక్కువ. ఒక చిన్న డబ్బా ఆవకాయ, పుట్నాల పొడి పెట్టుకుంటే ఇంటి భోజనమే. థుక్పా అని నూడుల్స్ సూప్ ఉంటుంది, వేడిగా తాగండి. ఛుర్పీ అని యాక్ పాల జున్ను ముక్క ఇస్తారు, రాయిలా ఉంటుంది, కొరకొద్దు. బుగ్గన పెట్టుకుంటే గంట సేపు వస్తుంది.

టోంగ్బా అని వెదురు గొట్టంలో పులియబెట్టిన రాగుల మద్యం ఇస్తారు, వేడి నీళ్లు పోసి పీల్చేది. సందక్‌ఫు దాటేదాకా ముట్టొద్దు.

డాక్టరమ్మ_తార్నాక

సందక్‌ఫు దాటాక కూడా కాదు, గోర్ఖే దిగాక. ఫాలుట్ 3600 మీటర్లు.

చాయ్_బిస్కెట్

అలాగే మేడం. గోర్ఖేలోనే.

బండరాయి_భువనగిరి

ఆవకాయ అంటే గుర్తొచ్చింది. సందక్‌ఫు, ఫాలుట్ మధ్య సబర్‌గ్రామ్ దగ్గర సరిహద్దు కాపలా కాసే ఎస్ఎస్‌బీ జవాన్ల చౌకీ ఉంది. రిజిస్టర్‌లో పేర్లు రాసి, కార్డులు చూస్తారు. మా కార్డులు చూసిన జవాను తలెత్తి, "తెలుగోళ్లా?" అన్నాడు. శ్రీకాకుళం కుర్రాడు. ఆరు నెలలుగా ఇంటి భాషలో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి లేడట. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మా దగ్గర సగం తిన్న మాగాయ డబ్బా ఉంది. మొహమాటంగానే ఇచ్చాం, సగం తిన్నది ఎలా ఇస్తామని. మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత బిగించి లోపల పెట్టెలో పెట్టుకున్నాడు. రాత్రికి తింటానన్నాడు.

అప్పటి నుంచి నాకు తెలిసిన ఎవరు పోతున్నా ఒక డబ్బా ఎక్కువ పెట్టుకోమంటాను. ఆ కుర్రాడు ఇప్పుడు అక్కడ ఉండడు. ఇంకెవరో ఉంటారు కదా.

రెండో_షిఫ్ట్

పెట్టుకుంటాం అన్నా. అమ్మకి చెప్పేశా, కొత్త డబ్బాలోనే.

పాతబస్తీ_పాదచారి

కార్డులంటే, ఓటరు కార్డు ఒరిజినల్ తీసుకెళ్లండి. టుమ్లింగ్, జౌబారి, కాలిపోఖ్రి నేపాల్ వైపు. నడుస్తూ నడుస్తూ ఎన్నిసార్లు సరిహద్దు దాటామో తెలియదు, ఒక రాయి ఇటు, ఒక రాయి అటు. ఇంకోటి, ఫోన్ నేపాల్ టవర్ పట్టుకుంటే టైం దానంతటదే 15 నిమిషాలు ముందుకి పోతుంది. మా అలారాలు సగం ఒక టైంకి, సగం ఒక టైంకి మోగాయి. టైం ఆటోమేటిక్‌గా మారకుండా ఆపేసుకోండి. రోమింగ్ కూడా.

కొండగాలి_77

ఇంత దూరం ఎందుకు? మన నల్లమలలో, శేషాచలంలో కొండ వెన్నులు లేవా? అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కండి, సలేశ్వరం జాతరకి పోండి. మన కొండలు చూడకుండా హిమాలయాలు.

నల్లమల_నర్సి

నా పేరులోనే నల్లమల ఉంది తమ్ముడూ. సలేశ్వరం ఏటా చైత్ర పౌర్ణమికి పోతా. కానీ వారం రోజులు రాత్రికో ఊళ్లో పడుకుంటూ కొండ నెత్తి మీదే నడవడానికి అక్కడ అనుమతి లేదు, ఉండకూడదు కూడా. అది పులుల అడవి. రెండింటినీ పోటీ పెట్టకు. ఇక్కడ అలవాటైన కాళ్లే అక్కడ పనికొస్తాయి.

కొండగాలి_77

ఆ మాట నిజమే అన్నా. తప్పుగా అనలేదు, మన కొండల మీద ప్రేమతో అన్నా.

మల్కాజిగిరి_మాధురి

ఫాలుట్ పొద్దు గురించి రాస్తానన్నా కదా.

సందక్‌ఫు నుంచి ఫాలుట్ దాకా దారిలో దుకాణాలు లేవు. నీళ్లు, మధ్యాహ్నం తిండి మోసుకుపోవాలి. చెట్లు తగ్గిపోయి గడ్డి మైదానాలు, మధ్యలో ఎప్పుడో కాలిపోయిన చెట్ల మోళ్లు తెల్లగా నిలబడి ఉంటాయి. నడుస్తున్నంత సేపూ కొండలు ఎదురుగానే. ఎడమకి దూరంగా లోత్సే, ఎవరెస్ట్, మకాలు. మకాలు దగ్గర కాబట్టి ఎవరెస్ట్ కంటే పెద్దదిగా కనపడుతుంది, అందరూ దాన్నే ఎవరెస్ట్ అనుకుని ఫొటో తీస్తారు. ఎదురుగా కాంచన్‌జంగ, 8586 మీటర్లు. ప్రపంచంలోని అయిదు ఎత్తైన శిఖరాల్లో నాలుగు ఒకే చోట నిలబడి చూడొచ్చు.

కాంచన్‌జంగ చుట్టూ ఉన్న కొండల వరస పడుకున్న మనిషిలా కనపడుతుందని దాన్ని పడుకున్న బుద్ధుడు అంటారు కదా, ఆ వరసలో బుద్ధుడి తల ఏ శిఖరమో తెలుసా? కుంభకర్ణ. 7710 మీటర్లు. గైడ్ ఆ పేరు చెప్పగానే మేం ముగ్గురం ఒకేసారి నవ్వాం. నిద్రకి అంతకంటే తగిన పేరు ఎవరు పెట్టగలరు! ఆయనకి కారణం చెప్తే ఆయనా నవ్వాడు.

ఫాలుట్‌లో రాత్రి గాలి తలుపుని కొడుతూనే ఉంది. నాలుగున్నరకి లేచి గుట్ట మీదికి ఎక్కాం. బెంగాల్, సిక్కిం, నేపాల్ మూడూ అక్కడ కలుస్తాయి. సంచిలో సీసా తీసి నీళ్లు తాగబోతే లోపల సూదుల్లా మంచు. ముందు కాంచన్‌జంగ కొన మీద ఒక్క చోట, గోరంత, గులాబీ రంగు పడింది. మిగతాదంతా ఇంకా నీలమే. అది మెల్లగా కిందికి జారింది, పాలపొంగు మీద పసుపు వేసినట్టు. నా స్నేహితురాలు మొదటిసారి మాతో దిగిపోయిన ముగ్గురికీ వీడియో కాల్ చేయాలని ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ ముగ్గురినీ వచ్చే ఏడు తీసుకెళ్తున్నాం.

గురాస్_పువ్వు

మాధురీ, ఏప్రిల్‌లో పెట్టండి, నేనూ వస్తా.

స్లీపర్‌క్లాస్

ఇది చదివాక నేను కూడా మళ్లీ పోవాలి. కింది నుంచి, నడిచి.

పాతబస్తీ_పాదచారి

గోర్ఖేలో ఒక రోజు ఎక్కువ ఉండే వీలుంటే ఉండండి రెండో_షిఫ్ట్. పది రోజులు చేసుకున్నారు కదా. వాగు పక్కన పైన్ చెట్లు, మొక్కజొన్న కంకులు వేలాడదీసిన చెక్క ఇళ్లు. అందరూ సందక్‌ఫు ఫొటోల కోసం పోయి గోర్ఖేలో చీకటి పడ్డాక దిగి, తెల్లారకముందే వెళ్లిపోతారు. వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి కూడా ఒక పూట ఉంచుకోవాలి.

డాక్టరమ్మ_తార్నాక

నాన్నగారు డాక్టర్‌ని కలిశారా?

రెండో_షిఫ్ట్

కలిశాం మేడం. ఈసీజీ, రక్త పరీక్షలు చేయించారు. బీపీ మాత్ర టైం కొంచెం మార్చారు. సందక్‌ఫులో ఇబ్బంది అనిపిస్తే అక్కడితో ఆపి దిగిపోతామని నాన్న దగ్గర మాట తీసుకున్నా. ఫాలుట్ గదివాళ్లకి నేనే ఫోన్ చేశా, ఖాయమైంది. బుకింగ్ ఆయన్ని మార్చేశాం. కొత్తాయన రోజువారీగా రాసి పంపాడు.

రెండో_షిఫ్ట్

నిన్న రాత్రి వచ్చాం. ఇంకా బట్టలు ఉతకలేదు, ముందు ఇక్కడ రాస్తున్నా.

అయిదుగురం మొత్తం నడిచాం. "రోడ్డు మీద నడకేంట్రా" అన్నవాడే టుమ్లింగ్‌లో పొద్దున అందరికంటే ముందు లేచి బయట నిలబడ్డాడు. కాలిపోఖ్రిలో నాకే తలనొప్పి వచ్చింది, నాన్నకి కాదు. డాక్టర్ గారు చెప్పినట్టు అక్కడే ఇంకో రాత్రి ఆగాం. మర్నాడు తగ్గింది. ఆ ఒక్క రోజు కలుపుకోకపోతే ఫాలుట్ పోయేది. గోర్ఖేలో ఎక్కువ రోజు ఉండటం మాత్రం కుదరలేదు.

సబర్‌గ్రామ్‌లో ఈసారి తెలుగువాళ్లు లేరు. రాజస్థాన్ జవాను ఉన్నాడు. ఆవకాయ డబ్బా ఇచ్చి, అన్నంలో కొంచెమే కలుపుకోమని చెప్పాం. వేలితో నాకి, కళ్లు పెద్దవి చేసి, మా అమ్మ పేరు అడిగాడు.

గోర్ఖే దిగుడులో నాన్న ముందు నేనే నడిచా, బాబాయ్. మూడో గంటలో "నేను బాగానే ఉన్నాను" అన్నారు. మొహం చూశా. కూర్చోబెట్టా. బూటు విప్పితే బొటనవేలి గోరు నల్లబడి ఉంది. ప్లాస్టర్ వేసి, అక్కడి నుంచి పీత నడకే. మాకు తొమ్మిది గంటలు పట్టింది.

అరవైలో_అడుగు

ఆ గోరు రాలిపోతుంది, భయపడొద్దు, రెండు నెలల్లో కొత్తది మొదలవుతుంది. బూటు ఏ సైజు కొన్నారు?

రెండో_షిఫ్ట్

ఆయన సైజే కొన్నారు బాబాయ్. పెద్దది కొనమంటే వినలేదు. ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు, ఏప్రిల్‌లో పూల కోసం ఎవరెవరు పోతున్నారని. గురాస్_పువ్వు గారూ, మాధురి గారూ, మీ జట్టులో ఒక చోటు ఉందా?